పికప్‌కు కొత్త అల్లాయ్‌లు, టైర్లు: కొనే ముందు కొలవాల్సినవి

ఘాట్ రోడ్డు మలుపులో స్టీరింగ్ పూర్తిగా తిప్పగానే ముందు మడ్‌గార్డు లోపలి నుంచి బర్రుమని ఒక చప్పుడు వచ్చింది. టైరు లోపలి ప్లాస్టిక్ లైనర్‌ని గీరుతున్న చప్పుడది. షాపులో చదునైన గచ్చు మీద, ఖాళీ బండికి చక్రాలు బిగించినప్పుడు అది లేదు. లోపల ఐదుగురం, వెనక బస్తాలు, మారేడుమిల్లి అడవిలో ఎక్కుడు మొదలయ్యాక బయటపడింది. నా ఇసుజు వీ-క్రాస్ పికప్‌కు మొదటిసారి వేయించిన అల్లాయ్ చక్రాల సంగతి ఇది. టైరు సైజు సరిగ్గానే ఎంచుకున్నాను. చక్రం వెనక వైపు పోతపోసిన ఒక చిన్న అంకెని మాత్రం చూడలేదు. అదే ఆఫ్‌సెట్, చక్రం బండికి ఎంత లోపలికో ఎంత బయటికో కూర్చుంటుందో చెప్పే అంకె. ఆ అంకె కోసమే ఈ మార్గదర్శి రాస్తున్నాను, మిగతావన్నీ దాని చుట్టూ వస్తాయి.

ఉదాహరణకు ఇసుజు వీ-క్రాస్‌నే తీసుకుంటున్నాను. నాకు బాగా తెలిసిన బండి అదే, పైగా తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే బండి. 2016లో అక్కడి ఫ్యాక్టరీ మొదలైనప్పటి నుంచి మన రోడ్ల మీద కనిపిస్తూనే ఉంది. మీది టొయోటా హైలక్స్ అయినా, మరో పికప్ అయినా లెక్క చేసే తీరు మారదు, అంకెలే మారతాయి.

ముందు నేల చూసుకోండి

మీ బండి నెలలో ఎంత దూరం తారు మీద తిరుగుతుందో, ఎంత దూరం మట్టిలో తిరుగుతుందో నిజాయితీగా లెక్కేసుకోండి. ఎక్కువమందికి పదింట తొమ్మిది వంతులు తారే ఉంటుంది. అలాంటివాళ్లకు హైవే రకం టైరు, అంటే హెచ్‌టీ, చప్పుడు లేకుండా, మైలేజీ పడకుండా నడుస్తుంది. తోటకో చేనుకో వారానికి రెండుసార్లు వెళ్లేవాళ్లకు ఏటీ రకం, అంటే తారుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైరు, బాగుంటుంది. దానిలో గాట్లు కాస్త లోతుగా, అంచులు కాస్త మొరటుగా ఉంటాయి. రాళ్లకు టైరు గోడ కొంచెం ఎక్కువ తట్టుకుంటుంది.

జనం బటన్ టైర్లని పిలిచే పెద్ద గడ్డల ఎంటీ (మడ్ టెరైన్) రకాన్ని అందం కోసం వేయించుకోవద్దని నా గట్టి మాట. తడి తారు మీద బ్రేకు వేస్తే అవి ఏటీ అంత పట్టవు. ఎనభై దాటితే లోపల మాట వినిపించదు. అయితే నల్లరేగడి సంగతి వేరు. వానాకాలంలో నల్లరేగడి చేలోకి రోజూ దిగాల్సినవాళ్లు ఏటీ టైరుని ఒకసారి చూసుకోండి. పది అడుగులు వేసేసరికి గాట్లన్నీ మట్టితో పూడిపోయి టైరు నున్నటి గుండులా తయారవుతుంది. ఎంటీ గడ్డల మధ్య ఖాళీ పెద్దది కాబట్టి చక్రం తిరుగుతుంటే మట్టి బయటికి ఎగిరిపోతుంది. ఎర్రనేల, ఇసుక నేల అయితే ఏటీ చాలు.

పాత చక్రమే కొలబద్ద

డ్రైవరు డోరు తెరిస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. కంపెనీ ఒప్పుకున్న టైరు సైజు, చల్లని టైరులో ఉండాల్సిన గాలి దాని మీద రాసి ఉంటాయి. ముందు దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత ఒక చక్రం విప్పి వెనక్కి తిప్పండి. దుమ్ము, బ్రేకు మసి తుడిస్తే అంకెలు కనిపిస్తాయి. నా బండి చక్రం మీద 18×7½ జే అని, పక్కన 33 అని ఉంది. 18 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. ఏడున్నర దాని వెడల్పు. 33 ఆఫ్‌సెట్ మిల్లీమీటర్లలో. కొన్ని చక్రాల మీద దీని ముందు ఈటీ అని ఉంటుంది. ఈ మూడు అంకెలు, స్టిక్కరు మీది టైరు సైజు ఒక కాగితం మీద రాసుకోండి. ఇకపై చూసే ప్రతి కొత్త చక్రాన్నీ ఈ కాగితంతోనే పోల్చాలి. షాపులో "సార్, మీ బండికి ఇదే వేస్తాం, అందరికీ ఇదే వేశాం" అన్నా సరే, జేబులోంచి ఆ కాగితం తీయండి.

టైరు సైజు లెక్క

నా బండికి కంపెనీ ఇచ్చిన టైరు సైజు 255/60 ఆర్18. దాన్ని విడగొడదాం. 255 అనేది టైరు అడ్డ వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, అంటే 153 మి.మీ. 18 అంగుళాలంటే 457.2 మి.మీ. గోడ పైనా ఉంటుంది, కిందా ఉంటుంది కాబట్టి రెండు గోడలు కలిపి 306. మొత్తం ఎత్తు 763.2 మి.మీ. ఇదొక్కటి వస్తే మిగతా సైజులన్నీ మీరే లెక్కేయొచ్చు.

ఇప్పుడు జనం ఎక్కువగా అడిగే సైజుల్ని దీనితో పోల్చి చూద్దాం. 265/60 ఆర్18 ఎత్తు 775.2 మి.మీ., ఒకటిన్నర శాతం పైచిలుకు పెద్దది. స్పీడోమీటరు 100 చూపిస్తుంటే బండి దాదాపు 101.6లో ఉంటుంది. కంపెనీలు మీటరుని ఎలాగూ కాస్త ఎక్కువ చూపేలా పెడతాయి కాబట్టి ఇది ఇబ్బంది కాదు. 17 అంగుళాల రిమ్ము మీద 265/65 వేస్తే 776.3, అంటే దాదాపు అంతే ఎత్తు. కానీ గోడ 153 నుంచి 172 మి.మీ.కి పెరుగుతుంది. రిమ్ముకీ గుంతకీ మధ్య 19 మి.మీ. రబ్బరు అదనంగా వచ్చినట్టు. మన పల్లె రోడ్లకు, గ్రానైట్ క్వారీల దారులకు నేను ఓటేసేది దీనికే. పెద్ద రిమ్ము చూడ్డానికి బాగుంటుంది కానీ గుంత దెబ్బని రిమ్మే తింటుంది.

265/70 ఆర్17 వేస్తే 802.8, అయిదు శాతం పైన. 285/70 ఆర్17 అయితే 830.8, దాదాపు తొమ్మిది శాతం. అక్కడికి వస్తే మీటరు 100 అన్నప్పుడు బండి 109లో ఉంటుంది. మొదటి గేరులో ఎక్కుడు ఎక్కేటప్పుడు లాగుడు తగ్గుతుంది, బ్రేకుకి పని పెరుగుతుంది, సస్పెన్షన్ లేపకుండా మడ్‌గార్డులో టైరు పట్టదు. పైగా టైరు ఎంత పెరిగినా బండి లేచేది అందులో సగమే. 12 మి.మీ. పెద్ద టైరు వేస్తే నేల నుంచి ఎత్తు పెరిగేది 6 మి.మీ. ఎత్తు కోసమే పెద్ద టైరు వెతుకుతున్నవాళ్లు ఈ సగం లెక్క గుర్తుంచుకోవాలి. నా హద్దు మూడు శాతం. దాన్ని దాటితే అది టైర్ల మార్పు కాదు, బండి మార్పు.

కింది వేరియంట్ హై-ల్యాండర్ ఉన్నవాళ్లది 245/70 ఆర్16, ఇనుప రిమ్ములు. ఎత్తు 749.4 మి.మీ. మీకు అన్నిటికన్నా తేలికైన, బెడద లేని దారి ఒకటుంది. పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చిన 18 అంగుళాల అల్లాయ్ సెట్టు. కొత్త అల్లాయ్‌లు వేయించుకున్నవాళ్లు తమ కంపెనీ సెట్టుని అమ్మేస్తుంటారు, దాన్ని వెతికి పట్టుకోండి. హబ్బు (చక్రాన్ని బిగించే నడిమి దిమ్మ), నట్లు, ఆఫ్‌సెట్ గురించి కింద రాసిన చిక్కులేవీ అప్పుడు ఉండవు. వంపు, పగులు ఉన్నాయేమో మాత్రం బాలెన్సింగ్ మెషీను మీద తిప్పించి చూసి కొనండి.

ఆరు రంధ్రాలు, నడుమ ఒక రంధ్రం

వీ-క్రాస్‌కి ఆరు బోల్టులు. ఎదురెదురు రంధ్రాల నడుమ నుంచి నడుమకు కొలిస్తే 139.7 మి.మీ., అంటే సరిగ్గా అయిదున్నర అంగుళాలు. దీన్నే పీసీడీ 6×139.7 అంటారు. హైలక్స్‌కీ, ఫార్చ్యూనర్‌కీ ఇదే కొలత. అందుకే ఫార్చ్యూనర్ చక్రాలు వీ-క్రాస్‌కి చక్కగా సరిపోతాయని షాపుల్లో చెబుతారు. ఎక్కుతాయి, నిజమే. సరిపోవు.

ఎందుకో దగ్గర్నుంచి చూద్దాం. చక్రం నడుమ ఉన్న పెద్ద రంధ్రంలోంచి బండి హబ్బు ముందుకు పొడుచుకొస్తుంది. టొయోటా చక్రాల్లో ఆ రంధ్రం 106.1 మి.మీ. వీ-క్రాస్ హబ్బు సుమారు 100 మి.మీ. చుట్టూ దాదాపు 3 మి.మీ. ఖాళీ మిగులుతుంది. చక్రం ఆ ఖాళీలో ఒక పక్కకి వాలిపోయి ఉండగానే నట్లు బిగిస్తే అది ఇక నడుమన తిరగదు. తొంభై దగ్గర స్టీరింగ్ సన్నగా వణకడం మొదలవుతుంది. ఎన్నిసార్లు బాలెన్సింగ్ చేయించినా పోదు, ఎందుకంటే తప్పు బాలెన్సింగ్‌లో లేదు. దీనికి మందు హబ్ రింగు. బయట 106.1, లోపల మీ హబ్బు కొలత ఉన్న పల్చటి వలయం అది. వందల రూపాయల్లో అయిపోయే వస్తువు. ఘాట్లలో బ్రేకులు కాగే బండికి ప్లాస్టిక్‌వి కాకుండా అల్యూమినియంవి అడగండి. అదే తిరగేసి చూస్తే, వీ-క్రాస్ చక్రం హైలక్స్ హబ్బు మీదికి అసలు ఎక్కదు. కొత్త చక్రం కొనే ముందు వెర్నియర్ కాలిపర్ అనే కొలత పనిముట్టుతో మీ హబ్బుని కొలిపించండి. లేతు పని చేసే ఏ షాపులోనైనా రెండు నిమిషాల పని.

నట్ల సంగతి చిన్నదే కానీ ప్రాణాలతో ముడిపడినది. నట్టు కూర్చునే చోటు చక్రంలో గరాటులా వాలుగా ఉండొచ్చు, గుండ్రంగా ఉండొచ్చు, బల్లపరుపుగా వాషరుతో ఉండొచ్చు. టొయోటా వారి పెద్ద బండ్ల కంపెనీ అల్లాయ్‌లకు వాషరుతో బల్లపరుపు నట్లు వస్తాయి. బయట దొరికే అల్లాయ్‌లు ఎక్కువగా 60 డిగ్రీల గరాటు నట్లు అడుగుతాయి. పాత నట్లే కొత్త చక్రానికి పెట్టి బిగిస్తే గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ అంచు మీదే ఆని ఉంటుంది. నాలుగు రోజుల్లో వదులవుతుంది. చక్రంతో పాటు దానికి తగ్గ నట్లు కొనండి. రెంచి పెట్టే ముందు వేళ్లతో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి. ఎం12×1.5 (12 మి.మీ. లావు, 1.5 మి.మీ. మర) బోల్టుకి కనీసం ఎనిమిది పూర్తి చుట్లు లోపలికి వెళ్లాలి. అయిదో ఆరో చుట్లకే ఆగిపోతే ఆ చక్రం మందం మీ బోల్టుకి ఎక్కువైంది, వేయించుకోవద్దు.

ఆఫ్‌సెట్

ఇక్కడ నిదానంగా వెళ్దాం. చక్రాన్ని నిలబెట్టి, దాని వెడల్పుని సరిగ్గా మధ్యకి కోసినట్టు ఒక గీత ఊహించుకోండి. చక్రం హబ్బుకి ఆనే ముఖం ఆ గీతకన్నా బయటి వైపు 33 మి.మీ. దూరంలో ఉంటే ఆఫ్‌సెట్ 33. ముఖం బయటికి జరిగే కొద్దీ చక్రం బండి లోపలికి వెళ్తుంది. ఈ అంకె తగ్గిందంటే చక్రం అంత మేర బయటికి వస్తుందని అర్థం. సున్నా దాటి కిందికి పోతే ఇంకా బయటికి.

నా పాత చక్రం ఏడున్నర అంగుళాలు, 190.5 మి.మీ. సగం 95.25. దీనికి 33 కలిపితే ముఖం నుంచి లోపలి అంచుకి 128.25. తీసేస్తే బయటి అంచుకి 62.25. ఇవి నా బండి కంపెనీ కొలతలు.

నేను మొదట వేయించినవి 18×9, ఆఫ్‌సెట్ 0. తొమ్మిది అంగుళాలు 228.6, సగం 114.3. ఆఫ్‌సెట్ సున్నా కాబట్టి లోపలా బయటా అంతే. బయటి అంచు 62.25 నుంచి 114.3కి వచ్చింది, అంటే 52 మి.మీ. బయటికి. టైరు నడిమి గీత 33 మి.మీ. బయటికి జరిగింది. టైరు 265, ఎత్తు 12 మి.మీ. మాత్రమే పెరిగింది. అయినా గీరింది. ఎందుకంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తన నడుమ మీద తిరగదు, హబ్బు లోపలి వైపున్న ఇరుసు గీత మీద తిరుగుతుంది. చక్రం ఆ గీతకి ఎంత దూరమైతే దాని అంచు గీసే వలయం అంత పెద్దదవుతుంది. టైరు వెనక మూల డోరు వైపు మడ్‌గార్డు కొసకి, ముందు మూల బంపరు లైనర్‌కి వెళ్లి తగులుతుంది. పైన లోడు పడి స్ప్రింగు అణిగితే ఉన్న కాస్త ఖాళీ కూడా పోతుంది.

గీరుడు ఒక్కటే కాదు. చక్రం బయటికి వెళ్లినకొద్దీ వీల్ బేరింగు మీద మీట పొడవు పెరిగినట్టే. గుంతలో ఒక చక్రం పడితే స్టీరింగ్ చేతిలోంచి గుంజుకుంటుంది. తడి రోడ్డు మీద బురద, కంకర డోర్ల మీద, అద్దాల దాకా పడుతుంది. నా ఎడమ ముందు డోరు కింద రంగంతా ఆరు నెలల్లో గరుకైపోయింది.

తర్వాత మార్చినవి 17×8, ఆఫ్‌సెట్ 25. ఎనిమిది అంగుళాలు 203.2, సగం 101.6. లోపలికి 126.6, బయటికి 76.6. అంటే రిమ్ము అంచు 14 మి.మీ. మాత్రమే బయటికి. దాని మీద 265/65 టైరు వేస్తే, టైరు నడుమ 8 మి.మీ. బయటికి జరిగి, వెడల్పు వల్ల ఇరుపక్కలా అయిదేసి మి.మీ. కలిసి, బయటి గోడ 13 మి.మీ. ముందుకొచ్చింది. లోపలి వైపు ఖాళీ తగ్గలేదు సరికదా 3 మి.మీ. పెరిగింది. బండి కాస్త భుజాలు విప్పినట్టు కనిపిస్తుంది, గీరదు. వీ-క్రాస్ లాంటి బండిని లేపకుండా వేసుకునేవాళ్లకు ఏడున్నర నుంచి ఎనిమిది అంగుళాల వెడల్పు, 20 నుంచి 33 మధ్య ఆఫ్‌సెట్ దాటొద్దని నా సలహా.

కొత్త చక్రం మీద ఆఫ్‌సెట్ రాసి లేకపోతే ఇలా కొలవొచ్చు. చక్రాన్ని బయటికి కనిపించే వైపు కిందికి పెట్టి నేల మీద పరచండి. వెనక అంచు మీద అడ్డంగా ఒక తిన్నని పట్టీ పెట్టి, పట్టీ నుంచి హబ్బుకి ఆనే ముఖం దాకా స్కేలుతో లోతు కొలవండి. ఏడున్నర అంగుళాలు, 33 ఆఫ్‌సెట్ ఉన్న చక్రానికి ఇది 141 మి.మీ. దరిదాపుల్లో వస్తుంది. రాసిన ఏడున్నర అంగుళాలు టైరు కూర్చునే చోటు వెడల్పే, అంచులు కలిపితే ఇరుపక్కలా అరంగుళం ఎక్కువ ఉంటుంది. కొలిచిన లోతులోంచి, అంచులు కలిపిన మొత్తం వెడల్పులో సగం తీసేస్తే మిగిలేది ఆఫ్‌సెట్. ఆ అరంగుళాన్ని లెక్కలో మర్చిపోతే ఆఫ్‌సెట్ దాదాపు 13 మి.మీ. తేడాగా వస్తుంది.

చక్రం లోపలికి పోయి తగులుతోందని మధ్యలో స్పేసర్లు పెట్టించడం చాలాచోట్ల చూస్తాను. స్పేసరు అడిగే చక్రం మీ బండికి పుట్టిన చక్రం కాదు. వేరే ఆఫ్‌సెట్ చూసుకోండి.

పిండి ముద్ద పరీక్ష

రిమ్ము చిన్నది చేస్తుంటే, ఉదాహరణకు 18 నుంచి 17కి, బ్రేకు కాలిపర్‌కీ (బ్రేకు డిస్కుని పట్టి ఆపే భాగం) రిమ్ముకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడాలి. కళ్లతో అందేది కాదు. ఇంట్లో చపాతీ పిండి చిన్న ఉండలు చేసి, కాలిపర్ మీద ఎత్తుగా ఉన్న చోట్ల మూడు నాలుగు అంటించండి. టైరు లేని ఖాళీ చక్రాన్ని ఎక్కించి రెండు నట్లు చేత్తో బిగించి ఒక చుట్టు నెమ్మదిగా తిప్పండి. విప్పి చూస్తే పిండి ఎంత పల్చగా నొక్కుకుందో అదే మీ ఖాళీ. కనీసం 3 మి.మీ. మిగలాలి. బాలెన్సింగ్ కోసం లోపల అంటించే సీసం ముక్కల మందం కూడా అందులోనే పట్టాలి, ఇది చాలామంది మరిచిపోతారు. ముక్క కాలిపర్‌కి తగిలి ఊడిపోతే వణుకు మళ్లీ మొదలు.

బరువు మోసే అంకెలు

టైరు సైజు తర్వాత 112హెచ్ లాంటి అంకె, అక్షరం ఉంటాయి. 112 అంటే ఒక్క టైరు 1,120 కిలోలు మోయగలదని. 110 అయితే 1,060, 114 అయితే 1,180. అక్షరం వేగానిది. హెచ్ 210, టీ 190, ఎస్ 180 కిలోమీటర్లు. స్టిక్కరు మీద, లేదా కంపెనీ టైరు మీద ఉన్నదానికన్నా బరువు అంకె ఎప్పుడూ తగ్గకూడదు. కార్ల కోసం పోసిన అల్లాయ్‌లు కొన్ని మార్కెట్లో 6×139.7 రంధ్రాలతోనే దొరుకుతాయి. వాటి వెనక మ్యాక్స్ లోడ్ అని 690 కిలోల లాంటి అంకె ఉంటే పక్కన పెట్టేయండి. మీ బండి వెనక ఇరుసుకి కంపెనీ ఒప్పుకున్న బరువులో సగం కన్నా చక్రం మోసేది ఎక్కువ ఉండాలి. ఆ బరువు బండి ప్లేటు మీదో, మాన్యువల్లోనో ఉంటుంది. వెనక ఆకుల స్ప్రింగు బండికి లోడంతా వెనకే పడుతుందని మర్చిపోవద్దు.

చక్రం మీద జేడబ్ల్యూఎల్, వీఐఏ అన్న జపాన్ పరీక్షల ముద్రలు, టైరు మీద ఐఎస్ఐ ముద్ర చూడండి. టైరు గోడ మీద నాలుగంకెల తయారీ తేదీ ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. రెండేళ్లకు పైబడిన స్టాకు కొత్త ధరకి తీసుకోవద్దు.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షను బండిని కంపెనీ ఇచ్చిన తీరు నుంచి మార్చడం గురించి చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ మూల కొలతలకు భిన్నంగా మార్పులు కుదరవని తీర్పిచ్చింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఏ సెక్షను కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. అందుకే నేను కంపెనీ ఏదో ఒక వేరియంట్‌కు ఇచ్చిన సైజుకి దగ్గరలోనే ఉండమంటాను. టైరు మడ్‌గార్డు దాటి బయటికి కనిపించకూడదు. వేయించిన వెంటనే బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి జవాబు దాచుకోండి. ప్రమాదం జరిగాక సర్వేయరు అడిగితే ఆ కాగితం కావాలి.

అమెరికాలో ఉన్నవాళ్లకు

టెక్సస్‌లోనో మరోచోటో పికప్ కొనుక్కున్న మనవాళ్లు మూడు విషయాలు చూసుకుంటే చాలు. ఫోర్డ్ ఎఫ్-150కి రంధ్రాల వలయం 6×135, షెవీ సిల్వరాడో 1500కి 6×139.7. తేడా అయిదు మిల్లీమీటర్ల లోపే, కానీ ఒకదానిది మరోదానికి ఎక్కదు. రెండోది, 2008 మోడళ్ల నుంచి అక్కడి బండ్లకు టైరు గాలి సెన్సార్లు తప్పనిసరి, కాబట్టి కొత్త చక్రాల్లోకి పాతవి మార్పించండి లేదా కొత్తవి కొని బండికి పరిచయం చేయించండి. మూడోది, ఎల్‌టీ అని మొదలయ్యే బరువు టైర్లు. ఇ తరగతి ఎల్‌టీ టైరు పూర్తి బరువు మోసేది 80 పీఎస్ఐ దగ్గర. డోరు స్టిక్కరు మీది 35నే దానికి పెడితే మామూలు టైరు మోసినంత కూడా మోయదు. టైరు కంపెనీ ఇచ్చే బరువు పట్టిక చూసి గాలి పెంచాలి.

స్టెప్నీ

నాలుగు కాదు, అయిదు కొనండి. ఫోర్-వీల్ డ్రైవ్‌లో ఉండగా ఒక్క టైరు ఎత్తు తేడా ఉన్నా ముందు వెనక ఇరుసులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అయిదో చక్రానికి డబ్బు చాలకపోతే రిమ్ము వ్యాసం మారనివాళ్లు అదే సైజు కొత్త టైరుని పాత రిమ్ము మీద వేయించండి, దానికి పాత నట్లు బండిలో పెట్టుకోండి. వెనక తొట్టి కింద స్టెప్నీ వేలాడే చోట కొత్త టైరు పడుతుందో లేదో కొనకముందే టేపుతో కొలవండి.

బిగించే రోజు

హబ్బు ముఖం మీది తుప్పుని ఇనుప బ్రష్‌తో గీకించాకే చక్రం ఎక్కించాలి. తుప్పు పెచ్చు ఒక్కటి మధ్యలో ఉన్నా చక్రం వంకరగా కూర్చుంటుంది. నట్లని చేత్తో తిప్పి, తర్వాత ఎదురెదురుగా నక్షత్రం గీసినట్టు బిగించాలి. గాలి గన్నుతో ఒక్క పెట్టున బిగిస్తామంటే ఒప్పుకోకండి. ఆఖరి బిగింపు, బిగించే బలాన్ని కొలిచే టార్కు రెంచితో, మాన్యువల్‌లో ఉన్న కొలతకే. మొదటి 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ అదే రెంచితో చూపించండి. కొత్త అల్లాయ్‌ల మీద నట్లు కొంచెం కూర్చుని వదులవడం మామూలే, అందుకే ఈ రెండో బిగింపు. అదే రోజు అలైన్‌మెంట్ చేయించండి.

గాలి ముందుగా స్టిక్కరు మీది అంకెకే పెట్టండి. తర్వాత టైరు నడుముకి అడ్డంగా సుద్దముక్కతో వెడల్పు గీత గీసి, చదును తారు మీద తిన్నగా ఒక వంద మీటర్లు నడపండి. నడుమన మాత్రమే సుద్ద చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. అడ్డంగా సమంగా చెరిగిందంటే కుదిరింది. ఈ పరీక్ష మీరు రోజూ మోసే లోడుతోనే చేయాలి. గాలి ఎప్పుడు చూసినా పొద్దున్నే, బండి కదలకముందు.

చివరిగా ఒక పని షాపు నుంచి నేరుగా ఇంటికి రాకముందే చేయండి. వెనక లోడు, లోపల మనుషులు ఉండగా, ఖాళీ మైదానంలో ఒక ముందు చక్రాన్ని ఆరంగుళాల ఎత్తున్న రాయో గట్టో ఎక్కించి ఆపండి. స్టీరింగ్‌ని ఎడమ కొసకి, కుడి కొసకి పూర్తిగా తిప్పి, ముందుకీ వెనక్కీ అడుగు చొప్పున కదపండి. రెండో చక్రానికీ అలాగే. తర్వాత దిగి మడ్‌గార్డు లోపల లైనర్‌ని, పై సస్పెన్షన్ ఆర్మ్‌ని, బంపరు వెనక మూలని అరచేత్తో తడమండి. దుమ్ము ఉన్నచోట దుమ్ము ఉండాలి. ఎక్కడైనా నున్నగా, మెరుస్తూ ఒక చార తగిలితే టైరు అక్కడ ముట్టింది. డబ్బు చెల్లించకముందే ఆ చారని షాపువాళ్లకు చూపించండి.